ఆయన బదులు నేను

ఆదివారం ఆరాధన అయ్యాక ప్రభుబల్లలో ద్రాక్షరసం పంచిన చిన్న గ్లాసులు కడగడం నా పని. సంఘపెద్ద భార్యనని పన్నెండేళ్ళుగా అది నాకే మిగిలింది. ఆ రోజు గ్లాసులు తుడుస్తుంటే మా ఆయన జయరాజు వెనక వచ్చి నిలబడి, రేపు పోలీస్ స్టేషన్‌కు రమ్మన్నారని, అక్కడ బండి నేనే నడిపానని చెప్పమన్నాడు.

శుక్రవారం సాయంత్రం అతను ఫోన్లో మాట్లాడుతూ స్కూటీ నడిపాడు. నేను వెనక కూర్చున్నాను. పామిడి దాటాక, గొర్రెలను రోడ్డు దాటిస్తున్న ఆంజినమ్మను గుద్దాడు. ఆమె కాలు విరిగింది. నేను ఆమె తల ఒళ్ళో పెట్టుకుని అంబులెన్సు కోసం చూస్తుంటే, అతను చెదిరిన గొర్రెల మధ్య నుంచి బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

"నాది టీచరు ఉద్యోగం. కేసైతే సస్పెండు చేస్తారు. నువ్వు ఇంట్లో ఉండేదానివి, నీకేం పోతాది?" అన్నాడు. తర్వాత గొంతు మెత్తగా చేసుకుని, "ఏ తప్పూ చేయని ప్రభువు మన శిక్ష తన మీద ఏసుకున్యాడు. ప్రేమంటే అదే కదా, సారా" అన్నాడు.

ఇంతకుముందూ అతని బదులు నింద మోశాను. పిల్లలు కలగకపోతే అనంతపురంలో పరీక్షలు చేయించుకున్నాం. లోపం అతనిదని తేలింది. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తన తల్లికి మాత్రం లోపం నాదేనని చెప్పమన్నాడు. చెప్పాను. ఆ తర్వాత మా అత్త ఏ పసిబిడ్డనూ నా చేతికి ఇవ్వనివ్వలేదు. ఉపవాస కూటాల్లో ఆడవాళ్ళు నా తల మీద చేతులు పెట్టి, నా పాపం క్షమించమని ఏడుస్తూ ప్రార్థించేవాళ్ళు. జయరాజు పక్కనే మోకరించి, అందరికంటే గట్టిగా ఆమేన్ అనేవాడు. ఆ ఆమేన్ తలుచుకుంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది.

యేసు తనంతట తానే శిలువ మోశాడు. తన తప్పు తెచ్చి పక్కవాళ్ళ భుజం మీద పెట్టలేదు. ఇతను అదే చేస్తూ, ఆయన పేరు వాడుకుంటున్నాడు.

సోమవారం నన్ను స్టేషన్ దాకా తెచ్చి, అతను బయటే ఆగిపోయాడు. లోపల కేసు కాగితాలు రాసే రైటరు ఓబులేసు, బండి ఎవరు నడిపారని అడిగాడు.

"మా ఆయన నడిపినాడు సార్, ఫోను మాట్లాడతా. నేను ఎనక కూర్చోనుంటి."

కానిస్టేబుల్ వెళ్ళి జయరాజును లోపలికి రమ్మన్నాడు. జయరాజు గుమ్మంలో నాకెదురై, పళ్ళు బిగపట్టి అడిగాడు. "నువ్వూ ఒక విశ్వాసివేనా? మొగుణ్ణి క్షమించలేకపోతివా?"

"నన్నెందుకు అడుగుతారు? పోయి ఆంజినమ్మను అడగండి. కాలు ఇరిగింది ఆయమ్మది."