షూటింగ్ కాడ అత్త

ఎర్రటి ఎండలో పత్తి చేను మధ్య నిలబడి పద్మలత తొమ్మిదోసారి సిగ్గుపడింది. మొదటి ఎనిమిది సిగ్గులూ శ్రీహరికి నచ్చలేదు. పాట ఆమె పాడిందే. స్పీకర్లో అది మోగుతుంటే, బావ కోసం ఎదురుచూసే పిల్లలా పెదాలు కదపడం కూడా ఆమె పనే.

"గా నవ్వు సాలదు పద్మా. పెండ్లిగాని పిల్ల నవ్వినట్టుండాలె," అన్నాడు శ్రీహరి. కరీంనగర్‌లో జానపద పాటల చానల్ నడిపే మనిషి. విచ్చిన పత్తి కోసం అందరినీ ఆదిలాబాద్ దాకా తీసుకొచ్చాడు.

పద్మలతకు పెళ్లయి ఆరేళ్లయింది. చేను గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడ్డ అంబదాసే ఆమె మొగుడు. ఆ సంగతి అక్కడ వాళ్లిద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. మిగతావాళ్లకు అతను పద్మలత అన్న.

రెండేళ్ల కింద సిరిసిల్లలో బట్ట నేసే సాంచాలు బందై, పొయ్యిలో పిల్లి లేవని రోజుల్లో అంబదాస్ ఆమెను శ్రీహరి దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె పాట విని శ్రీహరి తల ఊపాడు. "పాట మంచిగున్నది. గని పెండ్లయిందంటే హీరోయిన్ కింద జనం సూడరు. నువ్వేమైతవ్ ఈమెకు?" అని అడిగాడు. "అన్ననైత సార్," అన్నాడు అంబదాస్. వారమంతా సాంచా ముందు నిలబడ్డా మూడు వేలు కళ్లజూడని మనిషి. ఒక్క పాటకు ఎనిమిది వేలనగానే నోరు జారిపోయింది.

ఒక అబద్ధాన్ని నిలబెట్టాలంటే వంద ఆడాలంటారు. ప్రతి షూటింగుకూ పద్మలత పుస్తెలతాడు తీసి సంచిలో వేసేది. కట్టుకున్నవాణ్ణి అన్నా అని పిలవలేక "ఇగో" అంటూ నెట్టుకొచ్చేది. ఏ ఇల్లాలి నోటికి వస్తుంది ఆ పిలుపు?

బిడ్డ భవ్యను ఎప్పుడూ అంబదాస్ తల్లి చంద్రవ్వ దగ్గర వదిలి వచ్చేవాళ్లు. నిన్న ఆమెకు కంటి ఆపరేషన్ అయింది. తప్పనిసరై నాలుగేళ్ల పిల్లను వెంట తెచ్చారు. దారిపొడుగునా బస్సులో అంబదాస్ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని పాఠం చెప్పాడు.

"ఆడ మీ అమ్మను అవ్వా అని పిలువొద్దు బిడ్డా. నేను ఆమెకు అన్నను, నువ్వు నా బిడ్డవు. మరి ఆమె నీకేమైతది?"

"అత్త."

"మల్లొక్కపారి."

"అత్త. అవ్వా అంటే ఏమైతది బాపూ?"

"సార్ పాటలియ్యడు."

పద్మలత కిటికీ వైపు తిరిగి కూర్చుంది. వద్దనలేదు. ఈ పాపంలో తనకూ సగం ఉందని ఆమెకు తెలుసు.

తొమ్మిదో సిగ్గు కుదిరేలాగే ఉంది. అప్పుడే బావ వేషగాడు తర్వాతి షాట్ కోసం బుల్లెట్ నడిపి చూసుకుని బండిని గట్టు పక్కన ఆపిపోయాడు. భవ్య సీటు పట్టుకుని ఎక్కబోయింది. చిన్న పిక్క సైలెన్సర్‌కు అతుక్కుంది.

"అత్తా! అత్తా!"

దెబ్బ తగిలితే పండు ముసలివాళ్లు కూడా అమ్మా అంటారు. ఈ పిల్ల ఒళ్లు కాలినా పాఠం తప్పలేదు. పత్తి కొమ్మలు లంగాకు తగులుకుంటున్నా లాక్కుంటూ పద్మలత పరుగెత్తింది.

"ఏయ్ పద్మా! షాట్ నడుస్తుంది! మీ అన్న లేడా, ఆయన సూస్కుంటడు!" శ్రీహరి అరిచాడు.

అప్పటికే పిల్లను ఎత్తుకున్న అంబదాస్ చేతుల్లోంచి ఆమె బిడ్డను లాక్కుంది. పిక్క మీద తోలు లేచి ఎర్రగా ఉంది. బాటిల్లో నీళ్లన్నీ కాలు మీద పోసింది. శ్రీహరి విసుగ్గా దగ్గరికొచ్చాడు.

"జరంత కాలితే షాట్ ఖరాబ్ జేస్తవా? నీ అన్న బిడ్డకు ఏంగాదు. నడువు."

"నేను దీని అత్తను గాను సార్. అవ్వను. నా కడుపున పుట్టిన బిడ్డ ఇది. ఈయన నా పెనిమిటి."

స్పీకర్‌ను ఎవరూ ఆపలేదు. బావ ఎప్పుడొస్తాడోనని ఆమె గొంతే పాడుతూ ఉంది. శ్రీహరి అంబదాస్ వైపు తిరిగాడు.

"ఏంది అంబదాస్ ఇది?"

అంబదాస్ మొహం తుడుచుకున్నాడు. "ఎండకు తల తిరిగింది సార్. పిల్లంటే పానం ఆమెకు. గట్లనే అంటది."

పద్మలత మొగుడి ముఖంలోకి చూసింది. ఆరేళ్ల కాపురంలో అతని మీద ఇంత అసహ్యం ఆమెకు ఎన్నడూ కలగలేదు. జాలి కూడా కలిగింది, అదే ఇంకా కష్టంగా ఉంది.

"నువ్వేమన్న చెప్పుకో. నా బిడ్డను మాత్రం ఇగ అత్తా అననియ్య," అంది.

గట్టు మీదే కూలబడి పిల్లను ఒళ్లోకి తీసుకుంది.

"బిడ్డా, నేను నీకేమైత? అవ్వా అను. ఒక్కపారి పిలువు."

భవ్య వెక్కిళ్లు ఆపుకుంది. పెదవులు కదిలాయి. తల్లికేసి చూసింది, ఎదురుగా నిలబడ్డ సార్‌ను చూసింది. తర్వాత, అనొచ్చా అన్నట్టు తండ్రి ముఖం వైపు చూస్తూ ఉండిపోయింది.