తల్లి పేరు ముందు

"కాఫీ తాగే ముందు ఒకసారి వాసన చూసుకోండి. మా ఆవిడ మేడ మీద విషం పెంచుతోంది."

ఇంటికి ఎవరొచ్చినా ప్రసన్నకుమార్ ఈ మాట అంటాడు. వచ్చినవాళ్ళు నవ్వుతారు. కప్పు అందిస్తూ విజయదుర్గ కూడా నవ్వుతుంది. నవ్వకపోతే 'మా ఆవిడకి జోకులు అర్థం కావు' అనే రెండో జోకు పడుతుంది మరి. ఆ ఆదివారం వచ్చిన మనిషి మాత్రం నవ్వలేదు. పేరు మృదుల. దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రసన్నకుమార్ బోటనీ చెప్పే కోచింగ్ సెంటర్‌లో కొత్తగా చేరిన లెక్చరరు. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయేమో, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "విషమంటే ఏంజెల్ ట్రంపెటా సర్, ఆ బాకా పువ్వుల ఉమ్మెత్త? ఎల్బీ నగర్ ఎండకి బతుకుతోందా?" అని అడిగింది. మొక్కలు పెంచుతున్నది ఎవరో ఇప్పుడే విని కూడా, అడిగింది ఆయన్నే.

"రండి మృదుల గారూ, చూపిస్తాను," అని ఆయన లేచాడు.

నీళ్ళ ట్యాంకు పొంగితే కింద నుంచే కేకేసే మనిషి, మెట్లెక్కి మేడ మీదికి వెళ్ళాడు. విజయదుర్గ కూడా వెనకే వెళ్ళేది. కానీ మూకుడులో మిరపకాయ బజ్జీలు వేగుతున్నాయి. వేయించమన్నదీ ఆయనే. వంటింటి కిటికీకి సరిగ్గా పైన పిట్టగోడ, మాటలన్నీ కిందికి వినబడుతున్నాయి. "ఇది తెల్లది, ఇది గులాబీ. రెంటినీ కలిపాం," అంటున్నాడు. కలిపాం అట. వాటిని కలిపిన సాయంత్రం ఆయన సోఫాలో పడుకుని క్రికెట్ చూస్తున్నాడు. ఆ తర్వాత ఇంకో మాట వినబడింది. "ఎండలో కూడా ఈ ఒక్కదానికే రంగు ఎందుకు నిలుస్తోందంటారు? మీరేమంటారు మృదుల గారూ?"

బజ్జీలు మాడిపోయాయి.

మీరేమంటారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో విజయదుర్గని ఎవరూ అడగని మాట అది. ఆమెని అడిగేవి వేరే ఉన్నాయి. బీపీ మాత్రలు ఎక్కడ, అమ్మ తిన్నదా, గ్యాస్ బుక్ చేశావా. ఈమధ్య ఆ అడగడమూ పోయింది. ప్రసన్నకుమార్ గుమ్మంలో నిలబడి ఊరికే ఆమె వైపు చూస్తాడు. ఆ చూపు తువ్వాలు కోసమా, స్కూటర్ తాళం కోసమా, కళ్ళజోడు కోసమా అన్నది ఆమెకే తెలియాలి. తెలుస్తుంది. తెచ్చి చేతిలో పెడుతుంది. ఈ చూపుకి ఇరవై రెండేళ్ళుగా జవాబు చెప్పీ చెప్పీ, తనకంటూ ఒక ప్రశ్న ఎవరైనా వేస్తారన్న సంగతే మరిచిపోయింది. ఇప్పుడు తన నెత్తి మీదే, తన మొక్కల మధ్యే నిలబెట్టి ఎవరో పిల్లని అడుగుతుంటే గుర్తొచ్చింది.

దీనికి మర్యాదైన పేరు వెతకనక్కర్లేదు. కుళ్ళు. కడుపులో మంట. ఆ పిల్ల తన మొగుణ్ణి ఎగరేసుకుపోతుందని కాదు. ఎగరేసుకుపోతే ఆయన మాత్రల డబ్బా, మోకాళ్ళ నూనె, ఆయన తల్లి వేదవతమ్మని కూడా మోసుకెళ్ళాలి. పాపం, స్కూటీ మీద పట్టవు. విజయదుర్గ కుళ్ళుకున్నది ఆ హెల్మెట్‌ని చూసి, ఆ 'గారు'ని చూసి, ఆ ఎమ్మెస్సీని చూసి. తణుకులో తను కూడా బీఎస్సీ బోటనీ రెండో ఏడు దాకా చదివింది. పెళ్ళయ్యాక కట్టొచ్చన్నారు పరీక్షలు. పెళ్ళయ్యాక ఆ మాటెత్తితే, "ఇంట్లో ఒక బోటనీ ఉందిగా, చాలదూ," అంది వేదవతమ్మ. ఆ ఒక్క బోటనీకీ మెటీరియల్‌లో బొమ్మలు వేసిపెట్టేది విజయదుర్గే. పువ్వు నిలువుకోత, కాయ అడ్డుకోత, అన్నీ ఆమె చేతివే. 'సర్ బొమ్మలు సూపర్' అని పిల్లలు మెసేజీలు పెడితే ప్రసన్నకుమార్ పెద్దగా చదివి వినిపిస్తాడు, ఆమెకే.

మేడ మీది మొక్కలు మాత్రమే ఆమె సొంతం. వాళ్ళమ్మ కౌసల్యమ్మ కడియం నర్సరీలో కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన గులాబీ రంగు చెట్టుతో మొదలైందది. పొడుగ్గా, బాకాల్లా తలకిందులుగా వేలాడే పువ్వులు. సాయంత్రమయ్యేసరికి వీధి చివరికి వాసన. కానీ మార్చి వస్తే చాలు, గులాబీ రంగు వెలిసి ఉతికిన లంగాలా తెల్లబోయేది, మొగ్గలు రాలిపోయేవి. కింద ఇంటి ఓనరు కృష్ణమ్మ పెరట్లో మాత్రం ఒక తెల్లది ఉంది, ఎండని లెక్కచేయదు. ఈ రెంటినీ కలిపితే ఎండలో కూడా రంగు నిలిచే పువ్వు రావచ్చని విజయదుర్గకి ఆలోచన. ముందు గులాబీది పుప్పొడి తీసి తెల్లదానికి పూసింది. కాయ పడ్డట్టే పడి వారానికి రాలిపోయింది. మూడుసార్లు అంతే. అప్పుడు తిరగేసింది. రేపు విచ్చుకుంటుందన్న గులాబీ మొగ్గని చీల్చి, కనుబొమలు తీసుకునే పట్టకారుతో దాని పుప్పొడి తిత్తులు తీసేసి, తెల్లదాని పుప్పొడిని ఇయర్‌బడ్‌తో పూసి, పెళ్ళిళ్ళలో పసుపు కుంకుమ పెట్టిచ్చే నెట్ సంచీ ముసుగు వేసి కట్టింది. కుక్కర్ మూడో కూతకీ నాలుగో కూతకీ మధ్య.

"ఏంది దుర్గమ్మా, గా ఉల్టా ఉమ్మెత్తకు ముసుగేస్తున్నవ్? పెండ్లి చేస్తున్నవా?" అంది మెట్ల మీంచి కృష్ణమ్మ.

"అవునండీ. పిల్లవాడు మీ వాడే."

"అయితే జర మంచిగ జూస్కో మావోణ్ని," అని నవ్వుకుంటూ పోయింది.

కాయ నూట నలభై ఎనిమిది రోజులు చెట్టున ఉంది. అరవై ఒక్క గింజలు. నలభై మూడు మొలకలు. పెయింటు డబ్బాల్లో నాటి, పాలప్యాకెట్టు ముక్కల మీద నంబర్లు రాసి కట్టింది. కనీసం మూడు విడతలు పూయాలి, అప్పుడే ఏ మొక్క ఎలాంటిదో తేలుతుంది. పనికిరానివి ఒక్కొక్కటే పీకేసింది. మొదట్లో పీకినవాటిని పారేయలేక గోడవార పెట్టేది, తర్వాత నేరుగా చెత్తబుట్టలో వేసింది. ఇరవై ఏడో నంబరు మిగిలింది. చలికాలంలో రెండుసార్లు నిండు గులాబీ రంగు పూసింది. మార్చి ఎండలో మూడో విడత మొగ్గలేసింది. ఒక్క మొగ్గా రాలలేదు. నోట్‌బుక్‌లో దాని పుట్టుక రాసుకుంది. ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. కాయ మోసినదాని పేరు ముందు రాస్తారు, పుప్పొడి ఇచ్చినదాని పేరు తర్వాత. శుభలేఖల్లో, బడి దరఖాస్తుల్లో, గుమ్మం మీది పలకల్లో ఎక్కడా లేని పద్ధతి. ఆ వరస రాసినప్పుడల్లా ఆమెకి ఏదో దొంగసొమ్ము దాచుకున్నంత సంబరం. చివరి పేజీలో ఎవరికీ చూపించని పేరు కూడా రాసిపెట్టుకుంది. కౌసల్య.

మృదుల వచ్చి వెళ్ళిన సాయంత్రం మేడెక్కితే ఇరవై ఏడో నంబరుకి ఒక కొమ్మ లేదు. పచ్చిగాయం.

"కొమ్మే కదా," అన్నాడు ప్రసన్నకుమార్ టీవీ మీంచి చూపు తిప్పకుండా. "మృదులకి ఇచ్చాను. ఆ అమ్మాయికి సబ్జెక్టు తెలుసు. నీలాగా ఊరికే నీళ్ళు పోయడం కాదు."

విజయదుర్గ మళ్ళీ మేడెక్కి ఆ గాయం దగ్గర చాలాసేపు కూర్చుంది. ముందు ఏడుపొచ్చింది. తర్వాత ఆ కోత ఎక్కడుందో చూసి నవ్వొచ్చింది. ఈ మొక్క నిటారుగా పెరిగి ఒకచోట పంగగా చీలుతుంది. పంగకి పైన కోసిన కొమ్మ నాలుగు నెలలకి పూస్తుంది. పంగకి కిందది మళ్ళీ మొదట్నించీ పెరిగి, తన పంగ తను వేసుకుంటే గానీ పూయదు, ఏడాది పైమాటే. ఒక ఎమ్మెస్సీ గారు కింద లావుగా ఉన్నదని పిలక కొమ్మ కోసిచ్చారు. ఇంకో ఎమ్మెస్సీ గారు సంతోషంగా పుచ్చుకుని వెళ్ళారు. వారం తర్వాత మృదుల ఫోన్ చేసి, "వేళ్ళేసింది మేడమ్, ఎప్పుడు పూస్తుంది?" అని అడిగింది. చెప్పొచ్చు. "చూడాలి," అంది విజయదుర్గ. ఫోన్ పెట్టేశాక ఆ రోజంతా పప్పు తాలింపు కూడా బాగా కుదిరింది.

ఉగాది దాటిన ఆదివారం హయత్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో మిద్దెతోటల మేళా. ఇంట్లో పుట్టించిన కొత్త పువ్వు ఏదైనా ఉంటే, పేరుతో సహా వాళ్ళ పుస్తకంలో ఎక్కిస్తారు. విజయదుర్గ మూడేళ్ళుగా ఎదురుచూసింది ఆ ఒక్క వరస కోసం. ఫారం ప్రసన్నకుమార్ నింపాడు. "ఇంగ్లీషులో రాయాలి, నీకెందుకు ఇబ్బంది," అన్నాడు. తీరా ట్రాలీ ఆటోలో కుండీ పడిపోకుండా పట్టుకుని హాలుకి వచ్చి చూస్తే, ఆరుబయట వేసిన బల్ల మీద అట్ట సిద్ధంగా ఉంది. రంగుల ప్రింటు.

ప్రసన్న పింక్. తెల్లది, గులాబీ కలయిక. రూపకల్పన: ప్రసన్నకుమార్, ఎం.ఎస్సీ., మృదుల, ఎం.ఎస్సీ. అడుగున చిన్న అక్షరాల్లో, సహకారం: శ్రీమతి విజయదుర్గ.

సహకారం. పెళ్ళి వీడియో చివర టెంట్ హౌస్ వాళ్ళకి వేసినట్టు.

మృదుల వచ్చి అట్ట చదివింది. ముఖం ఎర్రబడింది. "నాకు తెలీదు మేడమ్, సర్ వేయించారు," అంది. విజయదుర్గ సగం నమ్మింది. మిగతా సగం ఆ పిల్ల ఫోన్ తీసి అట్టని ఫొటో తీసుకోవడం చూసింది. పువ్వులు మాత్రం పదకొండు గంటల ఎండలో కూడా నిండు గులాబీ రంగులో వేలాడుతున్నాయి. జనం ఆగి చూస్తున్నారు, "సార్ చాలా కష్టపడ్డారు," అంటున్నారు. ప్రసన్నకుమార్ చొక్కా మడతలు సర్దుకున్నాడు.

మేళా తరఫున పువ్వులు చూసి పుస్తకంలో రాసేది అంతయ్య. పెద్ద అంబర్‌పేట్‌లో నలభై ఏళ్ళుగా నర్సరీ నడుపుతున్న ముసలాయన. పువ్వుని ముట్టకుండా కిందికి వంగి, లోపలికి చూశాడు. ఆకు వెనక చూశాడు. అట్ట చదివి కళ్ళజోడు తీశాడు.

"మస్తుగున్నది సారూ. దీని తల్లి ఏది?"

"తెల్లది," అన్నాడు ప్రసన్నకుమార్. "అదే ముందు రాశాం కదా."

"గా తెల్లదా? మా తాన ఎండకు ఆగే తెల్ల రకం ఇరవై ఏండ్లసంది ఉన్నది. ఒక్క కాయ నిలవలే."

"మా దగ్గర నిలిచింది."

"మంచిదే. కాయ ఎన్ని దినాలుండె చెట్టుకు? గింజలెన్ని ఎల్లినయ్?"

ప్రసన్నకుమార్ తల తిప్పి విజయదుర్గ వైపు చూశాడు.

ఆ చూపు. తువ్వాలు చూపు, తాళం చూపు, మాత్రల చూపు. కంగారైనా లేదు అందులో, అడుగుతున్నానన్న స్పృహైనా లేదు. చెయ్యి చాపితే వస్తువు చేతిలో పడుతుందన్న ధీమా అంతే. ఆమె నాలుక చివర అన్నీ సిద్ధంగా ఉన్నాయి. నూట నలభై ఎనిమిది. అరవై ఒకటి. నలభై మూడు. తల్లి గులాబీది, కడియం నుంచి మా అమ్మ ఒళ్ళో కూర్చుని వచ్చింది. చెబితే పువ్వు పుస్తకంలోకి ఎక్కుతుంది, ప్రసన్న పింక్ అని. చెప్పకపోతే ఈ ఏడు ఎక్కదు. మూడేళ్ళ చాకిరీ కుండీలోనే ఉండిపోతుంది. "మేడమ్, చెప్పండి," అని మృదుల పక్కనుంచి గొణిగింది. విజయదుర్గ ఇరవై ఏడో నంబరు పాలప్యాకెట్టు ముక్కని సరిచేస్తూ నిలబడింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆ చూపు వెళ్ళినది వెళ్ళినట్టే ఉత్తచేతులతో తిరిగిపోయింది.

అంతయ్య అందరి ముఖాలూ చూశాడు. ఆమె చేతుల దగ్గర, గోళ్ళలోని మట్టి దగ్గర కాసేపు ఆగాడు. పుస్తకం మూశాడు.

"తల్లి తెల్వని పువ్వును రాసుకోలేం సారూ. వచ్చే ఏడు తెల్సినోళ్ళను తోల్కరాండ్రి."

తిరుగు ప్రయాణంలో ట్రాలీ వెనక కుండీకి అటు విజయదుర్గ, ఇటు మృదుల కూర్చున్నారు. స్కూటీ హాల్లో వదిలేసి ఎందుకెక్కిందో ఆ పిల్లకే తెలియాలి. ఎల్బీ నగర్ చౌరస్తా సిగ్నల్ దగ్గర ఆగాక విజయదుర్గ అంది, "నీ దగ్గరున్న కొమ్మ పంగ కిందది. ఏడాది దాకా పూయదు."

"మీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

"మరి ఫోన్ చేస్తే చెప్పలేదేం మేడమ్?"

"నీ మీద కుళ్ళు. అందుకే చెప్పలేదు. ఇప్పుడూ తగ్గలేదు, సగం ఉంది. రేపు వస్తే పైకొమ్మ కోసిస్తాను. ఆ ఫొటో తీసెయ్ ముందు."

మృదుల ఫోన్ తీసి, ఆమెకి కనబడేలా పట్టుకుని, ఫొటో చెరిపేసింది.

ప్రసన్నకుమార్ ఇంటికి వచ్చేసరికి పొయ్యి వెలగలేదు. విజయదుర్గ హాల్లో నేల మీద కూర్చుని, మేళాలో అడిగి తెచ్చుకున్న కొత్త ఇంగ్లీషు దరఖాస్తు ఫారం ముందు పెట్టుకుని, ఒక్కో గడీ చదువుకుంటోంది. మొదటి గడిలో తల్లి మొక్క పేరు అప్పటికే రాసేసింది. ఆయన చెప్పులు విసిరేశాడు.

"అంతమందిలో పరువు తీశావు. ఒక్క మాట చెబితే పోయేది కదా. అన్నీ నీకు తెలుసు. ఎందుకు చెప్పలేదు?"

విజయదుర్గ తలెత్తలేదు. రెండో గడి నింపుతోంది.

"మీరు అడగలేదు," అంది. "చూశారు."