డయల్ చేసే అనుమతి

మధ్యాహ్నం రెండున్నరకి మా ఇంటి కంప్యూటర్ అసలు పాస్‌వర్డ్ మార్చేశాను. ఆయన ఆఫీసులో ఉన్నారు. అత్తయ్య పక్క గదిలో నిద్రపోతున్నారు.

అందులో విండోస్ బదులు లినక్స్ ఎక్కించి ఇచ్చింది ఆయన స్నేహితుడు. ఇంటర్నెట్ మాత్రం రాలేదు. మోడెమ్ ఉంది, ఫోన్ తీగ ఉంది, రెండింటికీ మాట కలవలేదు. ఆదివారాలన్నీ తంటాలు పడి, చివరికి ఆయన మాన్యువల్‌ని సోఫా మీదికి విసిరేశారు. సోఫా సర్దేది నేనే కాబట్టి అది నా చేతికొచ్చింది. బట్టలు మడతపెడుతూ, పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నిలబడి చదివాను. కంప్యూటర్ వెనక మోడెమ్ ఏ పోర్టుకి తగిలించామో ఆ పోర్టు పేరే సెట్టింగుల ఫైల్లో రాయాలి. ఆయన పక్కదాని పేరు రాశారు. నేను చెబుతూ ఉంటే ఆయన టైపు చేశారు. మోడెమ్ కీచుమని అరిచి లైన్ కలిసింది. ఆ సాయంత్రం స్నేహితుడు వస్తే, "మొత్తం నేనే కూర్చుని సెట్ చేశాను బాస్" అన్నారు. అప్పుడు నా చేతిలో టీ ట్రే ఉంది.

నా పేరుతో లోపలికెళ్తే డయల్ కాదని తర్వాత తెలిసింది. అనుమతి లేదని తెర మీద వస్తుంది. అది ఇవ్వగలిగేది కంప్యూటర్ మొత్తానికీ ఉండే అసలు పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళే. అది చెప్పమని ఆయన్ని అడిగాను. "అది నీకెందుకు? పొరపాటున ఏదో చెరిపేస్తావు. కావాలంటే అడుగు, లైన్ కలిపి పెడతాను" అన్నారు. అడిగేదాన్ని. ఆయన పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు నేను కిటికీ వైపు చూడాలి.

పెళ్ళికి ముందు నేను ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేదాన్ని. పోయిన వారం ఆయన లైన్ కలిపిన రోజు వాళ్ళ మెయిల్ చూశాను. మళ్ళీ చేరతారా, శుక్రవారం ఐదింటిలోగా మెయిల్లోనే రాసి చెప్పండి, లేకపోతే వేరేవాళ్ళని తీసుకుంటాం అని ఉంది. జవాబు రాయాలి, లైన్ కలపండి అని రోజూ సాయంత్రం అడిగాను. "తలనొప్పిగా ఉంది." "ముందు అన్నం పెట్టు." "ఇంట్లో నీకేం తక్కువైందట?" నిన్న, "రేపు చూద్దాంలే." ఆ రేపు అంటే ఇవాళే, శుక్రవారం. ఆయన ఇంటికొచ్చేది ఏడింటికి.

పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్ళ కోసం మాన్యువల్ చివర ఒక పేజీ ఉంది. ఆయన అంతదాకా చదవలేదు. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు ఒక్క మాట కొడితే ఏమీ అడగకుండా తెరుచుకుంటుంది. కొట్టాను. పాస్‌వర్డ్ మార్చి, డయల్ చేసే అనుమతి నాకు నేనే ఇచ్చుకుని, డయల్ చేశాను.

మోడెమ్ అరుపుకి అత్తయ్య లేచి వచ్చారు. "అమ్మాయ్, మీ వదినకి ఫోన్ చెయ్యాలి" అంటూ రిసీవర్ మీద చెయ్యి వేశారు. ఎత్తితే లైన్ తెగిపోతుంది. ఆ చేతి మీద నా చెయ్యి పెట్టాను.

"కాసేపాగండి అత్తయ్యా. లైన్లో నేనున్నాను."

"చెవి దగ్గర పెట్టుకోకుండా మాట్లాడ్డమేంటే? ఎవరితో?"

"ప్రెస్సు వాళ్ళతో."

"వాడికి తెలుసా?"

"సాయంత్రం తెలుస్తుంది."

ఏడింటికి ఆయన వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. పాస్‌వర్డ్ కొట్టారు. మళ్ళీ కొట్టారు.

"తీసుకోవట్లేదేంటిది?"

"అసలుది మార్చాను. మీ పేరుకి కూడా డయల్ చేసే అనుమతి ఇచ్చాను. మీ మెయిల్ మీరు చూసుకోవచ్చు."

"నాకు నువ్వు అనుమతిచ్చావా?"

"అవునండీ."

ఆయన కుర్చీ వెనక్కి జరిపారు. "సరే, ఆ ప్రెస్సుకి మాత్రం ఏమీ రాయకు. ఆదివారం కూర్చుని మాట్లాడుకుందాం."

సోమవారం నుంచి వస్తానని రాసిన జవాబు మూడింటికే వెళ్ళింది. అందిందని ప్రెస్సు వాళ్ళు నాలుగింటికి రాశారు.