పద్నాలుగో నంబరు చేప

"రెండో శనివారం గదా, నాకు స్కూలు లేదు. నువ్వూ ఈ పూట సెలవు పెట్టు. అక్కోళ్లు పదకొండుకంతా వస్తాండారు. మూడు కిలోల బొచ్చె చేపలు తెచ్చినా," అని అజయ్ కుమార్ సంచీని సింకులో పడేసి పేపరు పట్టుకున్నాడు. అక్కడికి తన వంతు పని అయిపోయింది మహానుభావుడికి. ఆఫీసు నుంచి వచ్చిన భార్య దగ్గర చేపల వాసనొస్తే ముక్కు మూసుకుంటాడు గానీ, పులుసు గిన్నె మాత్రం తన వైపే జరుపుకుంటాడు.

లూదియా కత్తి తీసింది. పొలుసు గీకుతున్నా మనసు మాత్రం పది గంటల మీటింగు మీదే ఉంది. నంద్యాలలో ఆమెది చేపల ప్రాజెక్టులో కాంట్రాక్టు ఉద్యోగం. ఆళ్లగడ్డ దగ్గరి రిజర్వాయరులో బతికున్న చేప కడుపు చిన్నగా కోసి, మందు మాత్రంత ట్యాగు పెట్టి, మూడు కుట్లేసి వదులుతుంది. ట్యాగు నీళ్లలో కూస్తుంటే, అక్కడక్కడా దించిన రిసీవర్లు విని, ఏ చేప ఎక్కడుందో రాసుకుంటాయి. గుడ్లు పెట్టే చోటు తెలిస్తే అక్కడ కొన్నాళ్లు వలలు ఆపొచ్చు. అరవై చేపలకూ కుట్లేసింది లూదియానే. మీటింగుల్లో టీ పంచేదీ లూదియానే.

నిన్న అధికారి శ్యాంసుందర్ మ్యాపు మీద వేలు పెట్టి, "ఐదు చేపలు పడవల రేవు కాడనే కాపురం పెట్టినాయి. గుడ్లు పెట్టేది ఆడనే. రేవు మూడు నెలలు బంద్," అన్నాడు. "సార్, ఇరవై రోజులుగా రాత్రీ పగలూ కదలకుండా ఉంటాయా?" అంది లూదియా. "నువ్వు కుట్లు బాగా వేస్తావమ్మా. లెక్కలు మాకొదిలెయ్."

ఎంత మర్యాదగా నోరు మూయించాడు! రేవు మూసేస్తే దాని మీద బతికే ఆడవాళ్లు ఏం తినాలి? గుడ్లు పెట్టే అసలు చోట వలలు ఆడుతూనే ఉంటే చేప మిగులుతుందా? ఆ ఉక్రోషంతోనే చేప కడుపు చీల్చి, పేగులు లాగి కవర్లో పడేసింది.

చెయ్యి ఆగిపోయింది. పేగులు! ట్యాగు ఉండేది కూడా ఆ కడుపులోనే కదా.

చేతులు కడుక్కుని బ్యాగు భుజాన వేసుకుంది.

"ఏందీ, యాడికి పోతాండావ్? చేపలెవరు కడగాల?"

"ఒకటి కడిగినా. తక్కినవి నువ్వు కడుగు."

రేవులో జనంతో మీటింగు మొదలైపోయింది. శ్యాంసుందర్ చూపుతోనే టీ ఫ్లాస్కు వైపు సైగ చేశాడు. లూదియా చూడనట్టే మెట్ల దగ్గరికి నడిచి, చేపలమ్మే శివమ్మను అడిగింది.

"శివమ్మక్కా, చేపలు కోసి పేగులు యాడ పారేస్తారు?"

"ఈడనే, మెట్ల కింద నీళ్లలోకి. ఇంకేడ పారేస్తాం?"

లూదియా చీర ఎగదోపుకుని మోకాలి లోతుకి దిగింది. శివమ్మ నవ్వుతూనే తన జల్లెడ అందించి తనూ దిగింది. బురద తోడి జల్లించారు. ఏడో జల్లెడలో మాత్రంత ట్యాగు తేలింది. దాని మీద నంబరు పద్నాలుగు, రేవులో కాపురం పెట్టిన ఐదింట్లో ఒకటి.

"ఇదీ మీ కాపురం, సార్. వలలో పడి, ఈ మెట్ల మీద కోయించుకుని, ఎప్పుడో పులుసైపోయింది. ట్యాగు మాత్రం పేగులతో పాటు ఈడనే పడి కూస్తాంది."

జనం గొల్లున నవ్వారు. శ్యాంసుందర్ ముఖం మాడిపోయింది. "ఇది నీకెట్ల తట్టిందమ్మా?"

"ఇంట్లో చేపలు కడిగేది నేనే సార్."

ఆయన పక్కకు జరిగాడు. లూదియా తడి చీరతోనే మ్యాపు ముందు నిలబడింది. బతికున్న చేపలు వాన పడ్డప్పుడల్లా వాగు కలిసే మలుపుకు పోతున్నాయనీ, వలలు ఆపాల్సింది అక్కడేననీ, రేవు జోలికి పోనక్కర్లేదనీ చెప్పసాగింది. శివమ్మ గట్టెక్కి అందరికీ టీ పోసింది, మొదటి కప్పు లూదియాకే ఇచ్చింది.

ఇంతలో ఫోను మోగింది.

"లూదియా, ఈ పేగులు యాడ పారేయాల?"

స్కూలుకి ఎప్పుడు ఫోన్ చేసినా అజయ్ కుమార్ చెప్పే జవాబు ఒకటుంది. పదేళ్లుగా విని విని ఆమెకు కంఠతా వచ్చేసింది.

"మీటింగులో మాట్లాడతాండా. తర్వాత చెయ్యి," అని ఫోను పెట్టేసింది లూదియా.