ముక్కు మేస్త్రి సాక్ష్యం

మినీ బస్సుల షెడ్డులో ఆయన అసలు పేరు జీతాల కాగితంలో తప్ప ఎక్కడా కనిపించేది కాదు. అందరికీ ముక్కు మేస్త్రే. ముప్పయ్యేళ్లుగా బ్రేకులూ క్లచ్చులూ ఆయన చేతి మీదుగానే నడిచాయి. మూత తీసి ఒక్కసారి వాసన చూస్తే చాలు, అది బ్రేక్ ఆయిలో స్టీరింగ్ ఆయిలో, కొత్తదో, మూత సరిగా పెట్టక చెమ్మ పీల్చి పాడైనదో చెప్పేసేవాడు. అందులో కొంత నిజం, కొంత గొప్ప. ఆ గొప్పంటే ఆయనకు ప్రాణం.

పేరుకు రెండూ ఆయిళ్లే. కానీ బ్రేకులోనూ క్లచ్చిలోనూ పోసేది వేరు, స్టీరింగులో పోసేది వేరు. స్టీరింగ్ ఆయిల్ బ్రేకులో పడిందంటే లోపలి రబ్బరు కప్పులు నానబెట్టిన శనగల్లా ఉబ్బుతాయి. ముందు పెడల్ బిగుసుకుంటుంది, తర్వాత ఉన్నట్టుండి బ్రేకు చేతులెత్తేస్తుంది. ఈ ముక్క ఎంతోమందికి నేర్పింది మేస్త్రే. నేర్పుతూనే తన బల్ల మీద మాత్రం రెండు ఆయిళ్లనూ ఒకే రకం రేకు క్యాన్లలో పోసి ఉంచుకునేవాడు. స్టోరు చూసుకునే అమ్మాయి క్యాన్లకి చీటీలు అంటిస్తానంటే నవ్వి పంపేశాడు. సీలు డబ్బాలోంచే నేరుగా పోయమని ఆమె కాగితం కూడా రాసింది. ఆ కాగితంతో మేస్త్రి చేతులు తుడుచుకున్నాడు.

ఆ ఏడు వానల్లో వారం రోజులు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ వాసన తిరిగి రాలేదు. ఒకరోజు పక్కనే పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడుతుంటే ఆయన కదలకుండా పేపరు చదువుకుంటున్నాడు. వంటింట్లోకి పరుగెత్తుకొచ్చిన భార్య గిన్నె దించి, మొగుడి ముఖం చూసి, ఏమీ అడగకుండానే సంగతి గ్రహించింది. డాక్టరు దగ్గరికి వెళ్దామంది. అదే వస్తుందిలే అన్నాడు. షెడ్డులో తెలిస్తే పరువు పోతుందని ఆయన బెంగ. ఎడమ వైపు క్యాన్ బ్రేకుది, కుడి వైపుది స్టీరింగుది అని గుర్తు పెట్టుకుని, ఎవరైనా చూస్తుంటే మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. ఐదు నెలలు అలాగే నెట్టుకొచ్చాడు.

తన బావమరిది నడిపే బస్సు బ్రేకు పనికి వచ్చిన రోజున, పొద్దున్నే ఎవరో బల్ల కడిగి క్యాన్లు అటుది ఇటు, ఇటుది అటు పెట్టారు. బండి తొందరగా కావాలని ఫోర్‌మన్ రెండుసార్లు కేక వేశాడు. మేస్త్రి ఎడమ వైపు క్యాన్ అందుకుని పోసేశాడు. బండి వెళ్లిపోయింది. మధ్యాహ్నం ఇంకో బస్సు స్టీరింగులో పోయబోతే కుడి వైపు క్యాన్‌లోంచి ధార బ్రేక్ ఆయిల్‌లా పల్చగా జారింది. గ్లాసెడు నీళ్లలో నాలుగు చుక్కలు వేస్తే తేలిపోయేది: బ్రేక్ ఆయిలైతే నీళ్లలో కలిసిపోతుంది, స్టీరింగ్ ఆయిలైతే పైకి తేలుతుంది. ఆ పరీక్ష కూడా ఆయన నేర్పిందే. కానీ పక్కన ఇద్దరు ఫిట్టర్లున్నారు. వాళ్ల ముందు ముక్కు మేస్త్రి గ్లాసూ నీళ్లూ తెచ్చుకోవడమా? నీ భ్రమ అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. క్యాన్లను మాత్రం గప్‌చుప్‌గా మార్చి పెట్టాడు.

మూడో రోజు బావమరిది షెడ్డుకొచ్చాడు. ఇరవై రెండేళ్లు గీత పడకుండా బండి నడిపిన మనిషి.

“బావా, పెడల్ వెనక్కి రావడానికి ఆలోచిస్తోంది. ఓసారి చూడరాదూ.”

“కొత్త లైనింగు కదరా. నాలుగు రోజులు అలాగే ఉంటుంది.”

బావ మాట మీద ఆయన ఎదురు చెప్పే రకం కాదు. తలూపి వెళ్లిపోయాడు.

మర్నాడు పదకొండింటికి మార్కెట్ వైపు దిగే వాలులో బ్రేకు పట్టలేదు. కింద కూరల బళ్లు, జనం. బావమరిది గేరు తగ్గించి, బస్సును గోదాము గోడ వైపు తిప్పాడు. బస్సులో ఒకామెకు చెయ్యి విరిగింది, మిగతావాళ్లు గీకుడు దెబ్బలతో బయటపడ్డారు. డ్రైవరు సీటు దగ్గర రేకు లోపలికి నొక్కుకుపోయి ఆయన కుడి మోకాలు చితికిపోయింది.

వారం తర్వాత విచారణ జరిగింది. పై ఆఫీసు నుంచి వచ్చిన ఇంజనీరు బ్రేకు విప్పించి ఉబ్బిన రబ్బరు కప్పులు బల్ల మీద పరిచాడు. సీసాలోకి తీసిన ఆయిల్ నీళ్లలో వేస్తే తేలింది. స్టీరింగ్ ఆయిలేనని నిమిషంలో తేలిపోయింది. ఇక అది ఎలా వచ్చిందన్నదే ప్రశ్న. ఆ బండిలో క్లచ్చికీ బ్రేకుకీ ఆయిల్ పోసే డబ్బా ఒకటే. బ్రేకు పని అయిన మర్నాడు దారిలో క్లచ్చి జారితే బావమరిది ఏదో దుకాణంలో ఆయిల్ కొని పోశాడు. ఆ సంగతి ఆయనే వచ్చి చెప్పాడు. సరైనదే కొన్నానని అంటున్నాడు, ఖాళీ డబ్బా మాత్రం దాచలేదు.

ఇంజనీరు సీసాను మేస్త్రి ముందుకు జరిపాడు.

“మీ ముక్కు సంగతి విన్నాను. ఇది మీ స్టోరు సరుకా, బయటిదా?”

గదిలో మేనేజరు, ఫోర్‌మన్, స్టోరు అమ్మాయి ఉన్నారు. బావమరిది కట్టు కట్టిన కాలు ఇంకో కుర్చీ మీద చాపుకుని, తనకి దన్నుగా నిలిచే మనిషిని చూసినట్టు బావనే చూస్తున్నాడు. మేస్త్రి మూత తీశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. మంచినీళ్లకున్నంత వాసన కూడా తగల్లేదు.

“మా స్టోరుది కాదు. బయటి సరుకు,” అన్నాడు.

బావమరిది తల దించుకున్నాడు. ఉద్యోగం పోయింది, లైసెన్సు పోయింది, తప్పుడు ఆయిల్ పోసి జనం ప్రాణాల మీదకు తెచ్చాడన్న మాట మిగిలింది.

సాయంత్రం మేస్త్రి ఇంటికొచ్చేసరికి విషయం భార్యకు చేరిపోయింది. ఆమె మంచం మీద సంచి పెట్టుకుని చీరలు సర్దుకుంటోంది.

“వాసన చూసి చెప్పారట,” అంది.

మేస్త్రి టిఫిను క్యారేజీ కింద పెట్టాడు.

“నా తమ్ముడు మీ మాట విని ఆ బండెక్కాడు. మీకు వాసన తెలియదని ఈ భూమ్మీద నా ఒక్కదానికే తెలుసు. ఆ గదిలో నేను లేనని ధైర్యం కదండీ మీకు?”

ఆమె తమ్ముడి ఇంటికి వెళ్లిపోయింది. పద్దెనిమిది రోజులు ఖాళీ ఇంట్లో తిండి సహించక, నిద్ర పట్టక, ఆఖరికి మేస్త్రి ఓ ఆదివారం పొద్దున ఆ ఇంటికే వెళ్లాడు. బావమరిది ముందు కూర్చుని క్యాన్ల సంగతి, ముక్కు సంగతి, ఆ మధ్యాహ్నం కలిగిన అనుమానంతో సహా పూసగుచ్చినట్టు చెప్పాడు. బావమరిది చివరిదాకా విన్నాడు.

“నాకు చెప్పి ఏం లాభం బావా? నేను పొయ్యలేదని నాకు తెలుసుగా. తెలియని వాళ్లకి చెప్పు.”

సోమవారం మేస్త్రి రాసిన కాగితం మేనేజరు నిలబడే చదివాడు. తలుపు దగ్గరగా వేసి, విచారణ ముగిసిందనీ, ఇప్పుడు తప్పు షెడ్డుదని తేలితే చెయ్యి విరిగినామె మొదలు అందరూ పరిహారం కోసం మీద పడతారనీ, ఏడాదిలో రిటైరయ్యే మనిషికి ఇదంతా ఎందుకనీ మెల్లగా నచ్చజెప్పాడు. మేస్త్రి వినకుండా తపాలా గుమాస్తా చేత ముద్ర వేయించి పై ఆఫీసుకు పంపాడు. నెల తిరక్కముందే జవాబు వచ్చింది. సాక్షి బంధువు గనకా, ముందు చెప్పినదానికి విరుద్ధంగా చెబుతున్నాడు గనకా నమ్మదగదట. బావమరిది కోసం కొత్తగా కథ అల్లుతున్నాడని షెడ్డులో అనుకున్నారు. కొందరు మెచ్చుకున్నారు కూడా. ఆ మెప్పే ఆయనకు అన్నిటికన్నా ఎక్కువగా గుచ్చుకుంది.

జవాబు కాగితం పట్టుకుని మళ్లీ ఆ ఇంటికి వెళ్లాడు. బావమరిది మోకాలికి కట్టు మార్పించుకోవడానికి ఆస్పత్రికి వెళ్లాడట. భార్య గుమ్మంలోనే నిలబడి కాగితం చదివి తిరిగి ఇచ్చేసింది.

“ఆ రోజు గదిలో ఒక్క ముక్క చెప్పుంటే సరిపోయేది,” అంది. లోపలికి రమ్మనలేదు. తమ్ముడు వచ్చే వేళయిందనీ, ఎదురుపడితే బాగుండదనీ చెప్పి తలుపు వేసుకుంది.