రెండో చప్పుడు

ఇటలీలో పో నది పొంగి ఊళ్ళోకొచ్చి వీధుల్లో పడవలు తిరిగిన ఏడాది. నీళ్ళు తీశాక నాటకశాల మళ్ళీ తెరిచారు. ఆ ఆదివారం మధ్యాహ్నం ఉల్దెరీకో పొయ్యి పక్కన కూర్చుని అరచేతులకు పందికొవ్వు రుద్దుకుంటున్నాడు. పీపాలు బిగించి బిగించి ఆ చేతులు చెక్కల్లా అయిపోయాయి.

"ఎంత రుద్దినా అవి నేరియో చేతులవుతాయా?" అంది భార్య ఆర్జియా. "ఆయన రొట్టెల పిండి పిసికే మనిషి."

"నోర్ముయ్యవే."

ఉల్దెరీకో, నేరియో ఇద్దరూ నాటకశాల పై అంతస్తులో కూర్చుని కూలికి చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆ చప్పట్ల జట్టుకు నేరియో పెద్ద. అతను చేతులు కలిపితే పావురాలు లేచినట్టుండేది. హాలంతా దాని వెంటే లేచేది. పెళ్ళి కాకముందు నుంచీ ఉల్దెరీకోది రెండో చప్పుడే. పాడినవాళ్ళు తలెత్తి చూసేది నేరియోనే. అది చూసినప్పుడల్లా ఇతను కుళ్ళుకుని తన చేతులకేసి చూసుకునేవాడు.

"వచ్చావా, చెక్కచేతులోడా?" ఆ సాయంత్రం నాటకశాలలో నేరియో తన ఎర్రదిండు బల్ల మీద సర్దుకుని కూలబడ్డాడు. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు. "ఇవాళ ఓ కొత్త పిల్ల మొదటిసారి పాడుతోంది. నేను కొట్టందే కొట్టకు."

"ఎప్పుడన్నా కొట్టానా అన్నా?"

"అదేగా నీ రోగం!"

పిల్ల పాడింది. చివరి స్వరం పైకప్పు దాకా పోయి ఆగింది. చప్పుడు లేదు. ఉల్దెరీకో ఎదురుచూశాడు. తన గొప్ప చూపించుకోడానికే ఆపుతున్నాడు ముసలాడు, అనుకున్నాడు. కింద పిల్ల గడ్డం వణికింది. ఎవరో ఈల వేయబోయారు.

ఉల్దెరీకో చేతులు వాటంతటవే కలిశాయి.

హాలు దద్దరిల్లింది. పిల్ల గుండె మీద చెయ్యి పెట్టుకుని తలెత్తి, సరిగ్గా ఇటే చూసింది. చూశావా అన్నట్టు అతను నేరియో వైపు తిరిగాడు. నేరియో కళ్ళు తెరిచే ఉన్నాయి. గోళ్ళలో పిండి ఆరిన చేతులు ఒళ్ళో వెల్లకిలా పడున్నాయి.

మర్నాడు పొద్దున కాఫీ కొట్లో అందరిదీ అదే మాట.

"చప్పట్లు కొడుతూనే పోయాడు, మహానుభావుడు!" అన్నాడు కొట్టు నడిపే తుల్లియో. "కిందనుంచి విన్నాగా, పావురాలే! ఇంకెవడి వల్లవుతుంది? పక్కనే ఉన్నావు, నువ్వు చెప్పవోయ్."

ఉల్దెరీకో నోరు తెరిచాడు. అందరూ అతని వైపే చూస్తున్నారు.

"ఆ చప్పుడు ఆయనదే," అన్నాడు.

కాఫీ సగంలో వదిలేసి నాటకశాల మెట్లెక్కాడు. దిండు మీద కూర్చుందామనే వచ్చాడు. తీరా వచ్చాక పక్కనున్న తన చోటులోనే, ఉత్త బల్ల మీద కూర్చున్నాడు. ఖాళీ వేదిక వైపు చూస్తూ చేతులెత్తాడు. ఎత్తి, అలవాటు కొద్దీ మొదటి చప్పుడు కోసం ఆగాడు.

ఎర్రదిండు మీద నేరియో కూర్చున్న పల్లం ఇంకా పూడలేదు.