సన్నం చేసే అద్దం

బట్టల కొట్టు అత్తగారిది. పెత్తనం కోడలిది, అదీ సగమే. తాళాలగుత్తి మాత్రం ఇంకా అత్తగారి నడుముకే వేలాడుతోంది. "కొట్టు నిన్ను నమ్మి వదలొచ్చని అనిపించిన రోజున ఇస్తాలే" అంటుంది ఆవిడ. ఆ రోజు కోసం కోడలు వెయ్యి కళ్ళతో ఎదురుచూస్తోంది.

అత్తగారు నిండైన మనిషి. ఆవిడ కూర్చుంటే కుర్చీ కనబడదు. అదంటే ఆవిడకు గర్వం కూడా. మనిషన్నాక ఒళ్ళుండాలి, లేదంటే ఇంట్లో తిండైనా లేనట్టు, మనశ్శాంతైనా లేనట్టు అని ఆవిడ లెక్క. కొట్టుకొచ్చిన ఆడపిల్లల్ని "కాస్త ఒళ్ళు చేశావమ్మా, ఇప్పుడు కళగా ఉన్నావు" అని నోరారా మెచ్చుకునేది. ఆ మెచ్చుకోలు విన్నవాళ్ళు చేతిలోని బట్టలు అక్కడే పడేసి పోయేవాళ్ళు.

ఇలాగైతే కొట్టు మూసుకోవాలనుకుని, కోడలు ఆవిణ్ణి ఇంట్లో విశ్రాంతి తీసుకోమని బతిమాలింది. ఆ వెంటనే ట్రయల్ రూమ్‌లో అద్దం మార్పించింది. అద్దాలవాడు గడుసువాడు. పలచటి అద్దం వెనక చెక్కముక్కలు దూర్చి, కంటికి తెలియనంత వంపుతో బిగించాడు. అందులో ఎంతటివాళ్ళయినా నాజూగ్గా కనిపిస్తారు. ఇంకేముంది, మూతి ముడుచుకుని లోపలికెళ్ళినవాళ్ళు ముసిముసిగా నవ్వుకుంటూ బయటికొచ్చి, ఒకటి కొనబోయి రెండు కొన్నారు.

అమ్మకాల సంగతి చెవిన పడి ఓ మధ్యాహ్నం అత్తగారు స్వయంగా దిగింది. కొట్టంతా కలియజూసి "బాగానే నడుపుతున్నావే" అంది. చెయ్యి తాళాల మీదికి వెళ్ళింది. కోడలికి ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా అప్పుడే ఆవిడ మనసు ఓ కొత్త జాకెట్టు మీదికి మళ్ళింది. కోడలు అడ్డుపడేలోపే ట్రయల్ రూమ్ గడియ పడింది.

ఎంతకీ చప్పుడు లేదు. చివరికి బయటికొచ్చిన మనిషి మొహం పాలిపోయి ఉంది.

"ఇంత చిక్కిపోయాను, ఒక్కరూ చెప్పలేదేమిటే? మా అమ్మ కూడా పోయేముందు ఇలాగే అయిపోయింది. ముందు మీ ఆయనకి ఫోన్ చెయ్యి."

కోడలికి మొదట నవ్వొచ్చింది. ఆవిడ తన మణికట్టు ఎంత సన్నబడిందోనని వేళ్ళతో కొలుచుకోవడం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. చెప్తే తాళాలు చేజారతాయి. చెప్పకపోతే ఈవిడ మంచం పడుతుంది.

"మీకేం కాలేదత్తయ్యా. అద్దమే అలాంటిది. నేనే పెట్టించాను" అని జరిగిందంతా చెప్పేసింది.

అత్తగారి మొహంలోకి ముందు రంగొచ్చింది, ఆ వెనకే కోపమొచ్చింది. "వచ్చినవాళ్ళ కళ్ళకి గంతలు కడుతున్నావన్నమాట. మరి నువ్వు ఏ అద్దంలో చూసుకుంటావ్?"

కోడలు నేలచూపులు చూసింది. "పొద్దున్నే కొట్టు తెరవగానే ముందు అందులోనే" అని గొణిగింది.

"అబద్ధమని తెలిసే?"

"తెలిసే."

అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వింది. ఇద్దరూ కలిసి చెక్కముక్కలు పీకేశారు. అద్దం తిన్నగా అయింది. ఆ ఇరుకు గదిలో ఇద్దరూ పక్కపక్కన ఇరుక్కుని నిలబడ్డారు.

"చూశావా, చిక్కాననే అంటాను. బుగ్గలు చూడు" అంది అత్తగారు.

"నా నడుం చూడండి, ఎంత లావయ్యానో" అంది కోడలు, ఊపిరి బిగబట్టి.

ఇద్దరూ అద్దాన్ని వదిలేసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇది ఇప్పుడు సరిగ్గానే ఉందా?" అత్తగారు అనుమానంగా అడిగింది.

"ఉందత్తయ్యా."

అత్తగారు తాళాలగుత్తి తీసి, "ఇవి పోతాయని తెలిసీ నిజం చెప్పావు, అది చాలు" అంటూ కోడలి నడుముకు దోపింది. గుత్తి నిలవలేదు, జారి టప్పున నేల మీద పడింది.

"లావయ్యానన్నావు?" అంది అత్తగారు. "తాళాలు నిలిచే నడుం వచ్చాక ఇస్తాలే." వంగబోయింది.

కోడలు ఆవిడకంటే ముందే వంగి గుత్తిని పిడికిట్లో బిగించింది.

"నడుముతో పనేముందత్తయ్యా? చేత్తో పట్టుకుంటాను. పదండి, ఆకలేస్తోంది."